జపాను విమానములు: అనుకరణమా, స్వతంత్ర రచనా?

విమానాశ్రయపు కంచెవద్ద నిలిచి చూచువానికి ప్రయాణీకుల విమానములన్నియు ఒకే అచ్చున పోసినట్లు కనబడును. పొడవైన గొట్టమువంటి శరీరము, దాని కిరుప్రక్కల రెక్కలు, వెనుక తోక, రెక్కలక్రింద వ్రేలాడు రెండు ఎంజినులు. తోకమీది రంగులు చెరిపివేసినచో ఏది అమెరికాదో, ఏది ఐరోపాదో, ఏది బ్రెజిలుదో చెప్పుట సామాన్యునికి కష్టము. అయినను ఒక దేశపు విమానమును వేరొక దేశపు విమానమునకు నకలు అని నిందించుట విమాన చరిత్రలో మొదటినుండియు ఉన్నది. ఈ నింద మిక్కిలిగ పడినది జపానుమీద. 2023 ఫిబ్రవరి 7వ తేదీన మిత్సుబిషి సంస్థ తన జెట్ విమాన ప్రయత్నమును విరమించుచున్నట్లు ప్రకటించినప్పుడు, జపానువారు ఇతరుల బొమ్మను చూచి గీయగలరేగాని తమ బొమ్మ గీయలేరన్న పాత మాట మరల వినవచ్చినది. దానికి బదులుగ జపానులో మరియొక కథ చాలకాలముగ చెప్పుకొనుచున్నారు. యుద్ధకాలపు మహాశిల్పులు ఐదుగురు కూడి ఒక అద్భుత విమానమును నిర్మించిరనియు, లోకము దానిని గుర్తింపలేదనియు ఆ కథ. ఈ రెండు మాటలలోను కొంత సత్యమున్నది. రెండును విషయమును కప్పిపుచ్చునవియే.

విమాన రచనలో స్వతంత్రత ఎక్కడ నుండును? ఉపాధ్యాయులకు తెలిసిన ఉపమానమొకటి ఇక్కడ పనికివచ్చును. ఒకే లెక్కను ఇద్దరు విద్యార్థులు చేసినప్పుడు ఇద్దరికిని ఒకే జవాబు వచ్చుట కాపీకి నిదర్శనము కాదు. లెక్క ఒకటే గనుక జవాబును ఒకటే. అనుమానించవలసినది ఇద్దరి కాగితములలోను ఒకే తప్పు కనబడినప్పుడు. గాలి, బరువు, లోహపు బలము అను మూడును అన్ని దేశములలోను ఒక్కటియే గనుక, వంద మంది ప్రయాణీకులను గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల వేగముతో తీసికొనిపోవలెనన్న లెక్కకు జవాబులు పోలియుండుట సహజము. చూడవలసినది జవాబును గాదు, మధ్యనున్న మెట్లను.

నిజమైన నకలు ఎట్లుండునో తెలిసికొన గోరువారు సోవియట్ బాంబరు టి.యు. 4 ను చూడవచ్చును. 1944లో తమ భూభాగమున దిగిన అమెరికా బి-29 విమానములను విప్పి, ముక్కముక్కను కొలిచి, సోవియట్ శిల్పులు దానిని కట్టిరి. అది నకలు. కాని ఫ్రాన్సువారి కారవెల్ సంగతి వేరు. 1955లో ఎగిరిన ఆ జెట్ విమానపు ముక్కుభాగము బ్రిటనువారి కామెట్ విమానమునుండి ఉన్నదున్నట్లు తీసికొన్నదే. అయినను ఎంజినులను శరీరపు వెనుకభాగమున ఇరుప్రక్కల అమర్చిన మొదటి ప్రయాణీకుల జెట్టు అదియే. తరువాత ఎందరో దానిని అనుసరించిరి. అమెరికాకు గర్వకారణమైన బోయింగు 707కు వెనుకకు వాలిన రెక్క ఉన్నది. ఆ ఊహను 1935లోనే రోమునగరపు సభలో వెల్లడించినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు బూసెమన్. యుద్ధము ముగియగనే జర్మనుల పరిశోధన పత్రములు అమెరికా వారికి దొరికినవి. అప్పు పుచ్చుకొనని విమాన శిల్పి లేడు. మన సాహిత్యమునందును కవిత్రయము కథను వ్యాసునినుండి తీసికొన్నది. అంతమాత్రమున తిక్కనను నకలు వ్రాసినవాడని ఎవ్వరు అందురు?

ఈ కొలబద్దతో జపానును చూడవలెను.

1930 దశకమున జపానువారు విదేశముల నుండి నేర్చుకొనుచుండిరనుట నిజము. అమెరికా డగ్లసు సంస్థనుండి హక్కులు కొని డి.సి. 2ను, ఆపైని డి.సి. 3ను తమ దేశమున తయారుచేసిరి. ఇది దొంగతనము కాదు, ధర చెల్లించి పాఠము చెప్పించుకొనుట. పాఠము త్వరలోనే ఒంటబట్టినది. 1937 ఏప్రిల్‌లో అసాహి పత్రికవారి ‘కమికాజె’ అను మిత్సుబిషి విమానము టోకియో నుండి, మన కలకత్తా మీదుగ, లండను చేరినది. దారిలో ఆగిన కాలమును తీసివేయగా గాలిలో గడచినది 51 గంటల 17 నిమిషములు. ఆ విమానమున వాడిన ఎంజిను సయితము జపానులో తయారైనదే.

1939లో ఎగిరిన జీరో యుద్ధవిమానమునుగూర్చి నకలు అన్న వాదము మిక్కిలిగ ప్రబలినది. అమెరికాలోని హ్యూస్ వేగవిమానమునకు నకలని కొందరు, వాట్ సంస్థ వి-143కు నకలని మరికొందరు వ్రాసిరి. వి-143 నొకదానిని జపాను కొనిన మాట వాస్తవమే. కాని జీరో శిల్పి హొరికొషి జిరో ఎదుర్కొన్న లెక్కయే వేరు. అతనికి చేతనున్నది వేయి అశ్వశక్తికి లోపలనున్న ఎంజిను. నౌకాదళము కోరినది వేగము, దూరము, చురుకుతనము మూడును. బలహీనమైన ఎంజినుతో ఈ మూటిని సాధించుటకు బరువు తగ్గించుట తప్ప దారి లేదు. సుమిటోమో సంస్థవారు 1936లో కనిపెట్టిన బలమైన అల్యూమినియపు మిశ్రలోహమును రెక్కలోని దూలములకు వాడెను. అనవసరమైన ప్రతి గ్రామును చెక్కివేసెను.

అంతకంటెను గమనింపదగినది మరొకటి కలదు. విమానము మెల్లగ పోవునప్పుడు చోదకుడు కర్రను ఎక్కువ లాగవలెను. వేగముగ పోవునప్పుడు కొంచెము కదల్చినను విమానము ఎగిరిపడును. ఈ తేడా చోదకుని చేతికి ఇబ్బంది కలిగించును. హొరికొషి చేసిన ఉపాయము మిక్కిలి సులభము: కర్రకును, తోకలోని పలకకును మధ్యనున్న తీగెలను కావలెనని సాగునట్లు చేసెను. వేగము హెచ్చినకొలది గాలి ఒత్తిడివలన తీగె సాగును. కర్ర ఎంత కదలినను పలక కొంచెమే కదలును. నియంత్రణ తీగెలు బిగుతుగ నుండవలెనని నాటి ప్రమాణములు చెప్పుచుండెను. ఆ ప్రమాణమును తెలిసి అతిక్రమించుట అనుకర్తకు చేతనగునది కాదు. ఇక తప్పుల మాట. జీరోకు చోదకుని కాపాడు ఉక్కుపలక లేదు, తూటా తగిలినను కారని పెట్రోలు తొట్టి లేదు. ఈ లోపములు ప్రాణములు తీసినవి. కాని అవి పైని చెప్పిన అమెరికా విమానములను చూచి వ్రాసిన తప్పులు గావు. బరువు తగ్గించవలెనన్న పట్టుదలయొక్క మూల్యము.

1945లో జపాను లొంగిపోయినది. ఆక్రమణ ప్రభుత్వము విమాన నిర్మాణమునే గాక విమానశాస్త్ర పరిశోధనను, బోధనను గూడ నిషేధించినది. ఈ నిషేధము 1952 వరకు సాగినది. సరిగ ఆ ఏడేండ్లలోనే లోకము ప్రొపెల్లరునుండి జెట్టునకు మారినది. పని లేని శిల్పులు కార్లకు, రైళ్లకు మరలిరి. జీరో రెక్కల అదురుపాటును పరిశోధించిన మత్సుదైర అను శాస్త్రజ్ఞుడు రైలుపెట్టెల అదురుపాటును నివారించు పనిలో కుదిరెను. 1964లో పరుగెత్తిన షింకాన్‌సెన్ రైలు వెనుక ఆ విద్య ఉన్నది. విమానములు పోగొట్టుకొన్నది రైళ్లకు దక్కినదన్నమాట.

1957లో ప్రయాణీకుల విమాన రచనకై ఒక పరిశోధక సంఘము ఏర్పడినది. కథలో చెప్పుకొను ఐదుగురు ఇక్కడనే కలిసిరి: హొరికొషి, కవసాకి వారి హియెన్ విమానపు శిల్పి దోయి, నకజిమాలో పనిచేసిన ఓటా, పెద్ద నీటివిమానములు కట్టిన కికుహర, 1938లో దిగకుండ 11,651 కిలోమీటర్లు తిరిగి రికార్డు నెలకొల్పిన విమానపు రచయితలలో నొకడైన కిమురా. మరుసటి సంవత్సరము కొయ్యతో నిలువెత్తు నమూనా చేసి జనమునకు చూపిరి. ప్రభుత్వము సొమ్ము విడుదల చేయుటకు ఆ కొయ్యవిమానము బాగుగ పనికివచ్చినది. 1959లో ప్రభుత్వము, పరిశ్రమలు కలిసి ఒక సంస్థను స్థాపించినవి. ఆరు కర్మాగారములు ముక్కలను పంచుకొన్నవి. విమానమునకు వై.ఎస్. 11 అని పేరు. 1962 ఆగస్టు 30న నగోయాలో అది మొదటిసారి ఎగిరినది.

అరువది మందిని ఎక్కించుకొని, 1,200 మీటర్ల రన్‌వేమీదనుండి లేచిపోగల విమానము అది. జపాను దీవులలోని చిన్న విమానాశ్రయముల కొలత అదియే. ఈ కొలతనుండి లెక్క మొదలుపెట్టుట సరియైన పని. ఫోకరు ఎఫ్-27, ఆవ్రో 748 అప్పటికే రంగమున నున్నను వానికంటె పెద్దదిగ దీనిని తలపెట్టుట వ్యాపారదృష్టితోను తెలివిగల ఊహయే. ఎంజినులు బ్రిటనువారి రోల్స్ రాయిస్ డార్టులు, ప్రొపెల్లర్లును బ్రిటనువే. దీనిని ఎత్తిచూపి, ఇందులో జపానుది ఏమున్నదని అడిగినవారు కలరు. పోటీయైన ఆ రెండు విమానములకును అదే ఎంజిను. అందులో ఫోకరు హాలెండువారిది. అది హాలెండు విమానము కాదని ఎవ్వరును అనలేదు.

వై.ఎస్. 11 యొక్క అసలు దోషము వేరుచోట నున్నది. పరీక్షలలో మూడు దిక్కులందును నియంత్రణ సరిగ లేదని తేలినది. కర్ర బరువు, చుక్కాని చాలదు, ప్రక్కకు ఒరిగిన విమానము తనంతట తాను నిలదొక్కుకొనదు. ఇందులో చివరిదానిని విద్యార్థులు కాగితపు విమానముతో పరీక్షింపవచ్చును. రెక్కలు కొనలవైపు కొంచెము పైకెత్తియున్న విమానము ఒకవైపు ఒరిగి జారినప్పుడు, క్రిందికి వాలిన రెక్కకు గాలి ఎక్కువ నిటారుగ తగిలి దానిని పైకి నెట్టును, విమానము సరియగును. రెక్కలు చదునుగ నున్నచో ఈ సహాయము దొరకదు. వై.ఎస్. 11 రెక్కల ఎత్తు చాలలేదు. పూర్తయిన రెక్కలను పారవేయుటకు వీలులేదు గనుక, రెక్కలో బద్దవంటి ముక్కను చొప్పించి కోణమును రెండు డిగ్రీలు పెంచిరి. చుక్కానికిని తగిన మార్పులు చేసిరి. విమానము దారికి వచ్చినది. 1964 ఆగస్టులో యోగ్యతాపత్రము లభించినది. మరుసటి నెలలో ఒలింపిక్ జ్యోతిని మోసికొని జపాను నగరములు తిరిగినది.

ఇక్కడ ఐదుగురు మహాశిల్పుల కథను కొంచెము నిలిపి పరీక్షింపవలెను. సాగు తీగెతో చోదకుని చేతి కింపైన కర్రను కల్పించిన దేశమే, ఇరువది మూడేండ్ల తరువాత, చేతికి బరువైన కర్రతో విమానమును బయటికి తెచ్చినది. పెద్దలు ఆలోచన చెప్పిరి. గీతలు గీసి లెక్కలు కట్టినది విమానము నెన్నడును కట్టని యువకులు. ఏడేండ్ల నిషేధము తెంపినది పుస్తకములను గాదు. పుస్తకములు మిగిలియే యున్నవి. తెగినది ఒక పనివాని చేతినుండి మరియొకని చేతికి దిగు విద్య. మరియొకటి గూడ కలదు: యుద్ధవిమాన శిల్పికి బాగుగ తెలిసినది గెలుచుట. రోజుకు పదిసార్లు లేచి దిగుచు, ముప్పదియేండ్లు చెడకుండ, తక్కువ ఖర్చుతో మరమ్మతుకు లొంగునట్టి వస్తువును చేయుట అతని విద్య గాదు. ఈ విమానము మిక్కిలి దృఢముగ తయారైనది, దానితోపాటు బరువుగను తయారైనది. జపాను విమాన సంస్థలు 2006 సెప్టెంబరు వరకు దానిని ప్రయాణములకు నడుపగలుగుట ఆ దృఢత్వమునకు సాక్ష్యము.

మొత్తము 182 మాత్రమే తయారైనవి. అమెరికాలోని పీడ్‌మాంట్, గ్రీసులోని ఒలింపిక్ వంటి సంస్థలు కొన్నవి. కాని విదేశములందు అమ్ముటలోను, విడిభాగములు అందించుటలోను అనుభవము లేక నష్టము కొండవలె పెరిగి, సుమారు 3,600 కోట్ల యెన్లకు చేరినది. 1970 దశకపు ఆరంభముననే నిర్మాణము నిలిపివేసిరి. మన దేశపు అనుభవముతో దీనిని పోల్చుట ఉచితము. కాన్పూరులో 1961 నుండి ఆవ్రో 748ను బ్రిటనువారి హక్కులతో కట్టిరి, 89 తయారైనవి. నష్టము, నింద రెండును తక్కువ. కాని రెక్కలో బద్ద చొప్పించవలసిన అవసరము కాన్పూరువారికి కలుగలేదు. ఆ అవసరము నేర్పు పాఠమును లభింపలేదు. సొంత తప్పు లేనిచోట సొంత దిద్దుబాటు ఎట్లు వచ్చును?

ఆపైని ముప్పదియేండ్లు జపాను పూర్తి ప్రయాణీకుల విమానమును కట్టక, బోయింగువారికి భాగములు కట్టుచు గడిపినది. 767లో నూటికి పదునైదు వంతులు, 777లో ఇరువది యొక వంతులు, 787లో ముప్పదియైదు వంతులు. దీనిని కూలిపని అని చులకన చేయుట తప్పు. 787 రెక్క మిత్సుబిషివారు నగోయాలో కట్టినది. రెక్కను బయటివారికి అప్పగించుట బోయింగు చరిత్రలో అంతకుముందు లేదు. ఆ రెక్కకు కావలసిన కర్బన తంతువులు తోరే అను జపాను సంస్థవి. ఆ తంతువులు చేయు పద్ధతికి మూలపురుషులలో ఒసాకాలోని ప్రభుత్వ పరిశోధనాలయమున పనిచేసిన షిందొ ఒకడు. ఈ స్వతంత్రత విమానపు తోకమీద పేరుగ కనబడదు, అంతే. ఐనను ఒక లోపము ఉన్నది. రెక్క కట్టువానికి రెక్క తెలియును. రెక్కకు, విద్యుత్తునకు, చక్రములకు, చోదకుని గదికి పరస్పరము కుదిర్చి, ఇది క్షేమకరమని నిరూపించు భారము రచయితది. ఆ భారము అమెరికాలోనే ఉండిపోయినది.

మిత్సుబిషి జెట్టు ఈ లోపమువద్దనే తట్టుకొని పడినది. 2008లో పని మొదలైనది. రెక్కలను కర్బన తంతువులతో చేయుదుమని మొదట చెప్పి, 2009లో అల్యూమినియమునకు మరలిరి. చిన్న రెక్కలో క్రొత్త పదార్థమువలన కలుగు లాభము తక్కువ గనుక ఇది వివేకమే. కాని ఒక సంవత్సరపు ఊహ వృథా అయినది. ఎంజిను విషయమున వారి ధైర్యము మెచ్చదగినది. పళ్లచక్రములద్వారా ముందున్న పంకాను నెమ్మదిగను, లోని టర్బైనును వేగముగను త్రిప్పు క్రొత్త ప్రాట్ విట్నీ ఎంజినును ఈ తరగతి విమానమునకు అందరికంటె ముందు ఎన్నుకొన్నది మిత్సుబిషియే. ఇంధనము ఎంతో ఆదా అగును. కాని బ్రెజిలు ఎంబ్రాయరు సంస్థ అదే ఎంజినును తరువాత ఎన్నుకొని, 2018 ఏప్రిల్‌లోనే ప్రయాణీకులను ఎక్కించినది. మొదట ఆలోచించినవాడు వెనుకబడెను.

2013లో అందవలసిన జెట్టు 2015 నవంబరు 11న మొదటిసారి ఎగిరినది. బాగుగనే ఎగిరినది, పరీక్షలలో మొత్తము 3,900 గంటలకు పైగా ఆకాశమున గడపినది. చిక్కు ఆకాశమున లేదు, అడుగు అరలో నున్నది. విమానమును నడుపు ఎలక్ట్రానిక్ పెట్టెలు ఎక్కడ అమర్చవలెను, వాని తీగెలు ఏ దారిన పోవలెను అన్న ప్రశ్న చిన్నదిగ కనబడును. ఒక నీటిగొట్టము పగిలినను, ఒక ప్రేలుడు జరిగినను ముఖ్యమైన పెట్టెలన్నియు ఒక్కసారి చెడగూడదు. ఆ నియమము కాగితముమీద అందరికిని తెలిసినదే. కాని ఏ దూరము చాలును, దానిని అధికారులకు ఎట్లు నిరూపింపవలెను అనునది పలుమారు చేసినవానికే తెలియును. ఈ పెట్టెలను, తీగెలను మార్చి అమర్చుటకై 2017 జనవరిలో మరియొకసారి గడువు పొడిగించిరి. పరీక్షించు జపాను అధికారులకును వై.ఎస్. 11 తరువాత ఇంతటి విమానపు అనుభవము లేదు. దీనికి తోడు, అమెరికాలోని చోదక సంఘముల ఒప్పందములు చిన్న మార్గముల విమానముల బరువును, 76కు మించకుండ సీట్లను కట్టడి చేయుచున్నవి. ముందుగ కట్టిన నమూనా ఆ హద్దును దాటినది. 2019లో స్పేస్‌జెట్ అని పేరు మార్చిరి. పేరు మారినంత మాత్రమున ఏమగును? మహమ్మారి వచ్చి 2020లో పని నిలిచినది. దాదాపు లక్ష కోట్ల యెన్లు కరిగిపోయినవి.

అనుకరణ దోషమువలన ఈ విమానము చెడినదనుటకు ఒక్క ఆధారమును లేదు. అనుకరింపదగినదానిని, అనగా అనుభవజ్ఞుల నిరూపణ పద్ధతులను, ముందుగనే అనుకరింపక పోవుటవలన చెడినదనుట సత్యమునకు దగ్గర. విదేశ నిపుణులను పెద్దయెత్తున పిలిచినది కాలము మించిన పిమ్మట.

ఇదే కాలమున కార్లు చేయు హోండా సంస్థ నిశ్శబ్దముగ చేసిన పనిని దీని ప్రక్కన నుంచి చూడవలెను. 1986లో అక్కడి ఇంజనీర్లు విమానముల పరిశోధనకు పూనుకొనిరి. వారిలో ఫుజినో అను యువకుడు ఎంజినులను రెక్కలపైన, స్తంభములమీద నిలుపు ఊహను పట్టుకొనెను. చిన్న విమానములలో ఎంజినులు సామాన్యముగ శరీరపు వెనుకభాగమున నుండును. వానిని మోయు దూలములు లోని చోటును మ్రింగును. రెక్కపైకి మార్చినచో ప్రయాణీకులకు చోటు కలిసివచ్చును. కాని రెక్కపైన గాలి మిక్కిలి వేగముగ పోవును. అక్కడ ఎంజిను నడ్డము పెట్టినచో ధ్వనివేగమునకు సమీపించు గాలి చెదరి అఘాతతరంగములు పుట్టి నిరోధము పెరుగునని అందరి నమ్మకము. 1971లో ఎగిరిన జర్మనుల వి.ఎఫ్.డబ్ల్యు. 614కు ఎంజినులు రెక్కలపైననే ఉండెను. అది బహు కొద్దిగ మాత్రమే అమ్ముడయినది. ఫుజినో లెక్కలు, గాలిసొరంగపు పరీక్షలు తేల్చినది వేరు. ఎంజినును ముందువెనుకలుగ, ఎత్తుపల్లములుగ జరిపి చూడగా ఒక్కచోట రెండు ప్రవాహములు ఒకదానినొకటి చెరుపక, రెక్కమీది అఘాతతరంగము బలహీనపడి, నిరోధము తగ్గినది. 2003 డిసెంబరులో ఎగిరిన ఈ విమానమునకు 2015 డిసెంబరులో అమెరికా ప్రభుత్వపు యోగ్యతాపత్రము వచ్చినది.

ఊహ జర్మనులకు ముందే ఉన్నది, కాని సరియైన స్థానము జపాను యువకుని సొత్తు. ఇంతకంటె స్పష్టమైన స్వతంత్ర రచన దొరకుట కష్టము. ఐతే ఆ విమానము ఆరేడుగురు కూర్చుండు చిన్న జెట్టు. దానిని కట్టుచున్నది అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున. యోగ్యతాపత్రమిచ్చు అధికారులు, వారితో పనిచేసి పండిన ఇంజనీర్లు ఉన్న చోటికి హోండా తానే పోయినది. మిత్సుబిషి తన ఇంటనే కూర్చుండి అదే పత్రమును సంపాదింపబూనినది. రెండు సంస్థలలోను మేధస్సు ఒక్కటియే.

2024 మార్చిలో జపాను ప్రభుత్వము మరియొక ప్రణాళికను వెలువరించినది. 2035 తరువాత క్రొత్త తరపు ప్రయాణీకుల విమానము రావలెననియు, అందుకు ప్రభుత్వ, ప్రైవేటు రంగములు కలిసి దాదాపు అయిదు లక్షల కోట్ల యెన్లు వెచ్చింపవలెననియు అందున్నది. ఈసారి ఒక్క సంస్థకే భారమును అప్పగింపక పలువురు కూడి చేయుదురట. 1959లోను పలువురు కూడియే చేసిరి. ఆ ప్రణాళికలో హైడ్రోజనును గూర్చి, తక్కువ పొగను గూర్చి చాల మాటలున్నవి. ఎలక్ట్రానిక్ పెట్టెల అరను గూర్చిన విద్యను ఈ పదేండ్లు ఎవరు కాపాడుదురో చూడవలసియున్నది.